శేషన్న లేచే చప్పుడు

కరెంటు పోయింది. మే నెల, పగలు పదకొండున్నర, ఆదోనిలో ఆ వేళకి కరెంటు పోవడం వింతేమీ కాదు. ఫ్యాను ఆగింది, కంప్యూటరూ స్పీకర్లూ ఆగాయి, వాటిల్లో గంటన్నరగా తిరుగుతున్న మగ్గం చప్పుడు కూడా ఆగిపోయింది. నందిని హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకుందో లేదో, రాజశేఖర్ ఫోన్ మోగింది. వాళ్ళమ్మ యశోదమ్మ. చేతిలో గిటారు ఉండటంతో అతను ఫోన్ స్పీకర్‌లో పెట్టాడు.

"రాజా," అందామె, పక్క గదిలో ఎవరో పడుకుని ఉంటే మాట్లాడినట్టు చాలా చిన్నగా. "ఇప్పుడే ఆపినాడు మీ నాయన."

రాజశేఖర్ వాళ్ళ నాయన శేషన్న చనిపోయి రెండున్నర నెలలైంది.

"ఏం ఆపినాడుమా?"

"ఇంకేం ఆపుతాడు, మగ్గం. పదైతాండంగా మొదలుపెట్టినాడు. ఒక్కతూరి గూడా దారం మార్చుకోల్యా, నీళ్ళు తాగల్యా. ఇప్పుడే ఆపినాడు. నీకు సెప్పాలనిపించింది, అంతే. తిన్యావా?"

రాజశేఖర్ తిన్నానని చెప్పి పెట్టేశాడు. అతను తినలేదు. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. డ్రమ్ముల వెనక కూర్చున్న సామ్సన్ మాత్రం కర్రల్ని తొడ మీద పెట్టుకుని, "అమ్మకు నిద్దర సాలడం ల్యాప్పా," అన్నాడు. తర్వాత గోడకున్న గడియారం చూశాడు. ఆ చూపు నందిని కంట పడింది, ఎందుకంటే తను కూడా అదే చూస్తోంది. పదికి ఐదు నిమిషాలుండగా స్పీకర్లలో ఆ మగ్గం చప్పుడు వేసింది తనే.

ముగ్గురూ కలిస్తే 'పత్తిగింజలు'. ఆ పేరుతో బ్యాండు పెట్టి మూడేళ్ళు. రాజశేఖర్ పాట, గిటారు. సామ్సన్ చర్చిలో కీబోర్డు వాయించి వాయించి విసుగొచ్చి డ్రమ్ముల్లోకి మారినవాడు. నందిని రికార్డింగు, మిక్సింగు, చేతికి దొరికిన ప్రతి వింత చప్పుడూ. హైదరాబాదులో చదువుకుని, సౌండు పని నేర్చుకుని, అక్కడ అద్దె స్టూడియోల్లో ఊపిరాడక తిరిగొచ్చేసింది. మేనమామది, మూతపడ్డ పత్తి జిన్నింగు మిల్లులో ఓ గోడౌను ఖాళీగా ఉంటే, గోడల నిండా బొంతలు, పత్తి కుక్కిన గోనె సంచులు వేలాడదీసి దాన్నే స్టూడియో చేసింది. లోపల చప్పట్లు కొడితే చప్పుడు గోడల్లోకి ఇంకిపోతుంది. కొత్తవాళ్ళు రెండు నిమిషాలు కూర్చుంటే తమ గుండె తమకే వినపడి లేచిపోతారు.

ఇప్పుడు చేస్తున్నది మొదటి ఆల్బం. పేరు 'గుంత'. ఇందులో మామూలు తాళం ఒక్కటీ ఉండదు, అది వాళ్ళు ముందే పెట్టుకున్న పంతం. కైరుప్పలలో ఉగాది మర్నాడు జనం పిడకలతో కొట్టుకునే పండగలో అవి గాల్లో ఎగిరి వీపుల మీద పడే చప్పుడు ఒక పాటకి, కోడుమూరు సంతలో వేలంపాట గొంతు ఒక పాటకి. చివరి పాటకి, పదకొండు నిమిషాల పాటకి, ఎమ్మిగనూరులో శేషన్న మగ్గం.

అసలు కథంతా ఆ మగ్గం మీదే. ఫిబ్రవరిలో నందిని మైకులు మోసుకెళ్ళి, ఆ గుంత మగ్గం పక్కన నేల మీద కూర్చుని నలభై నిమిషాలు రికార్డు చేసింది. మనిషి నడుందాకా గుంతలో దిగి, కాళ్ళతో కర్రలు తొక్కుతూ, చేత్తో తాడు లాగుతూ నేసే మగ్గం. చప్పుడు నాలుగు దెబ్బల చొప్పున పడేది. శేషన్నకి ఎడమ మోకాలు నొప్పి, అందుకని నాలుగో దెబ్బ వెంట్రుకవాసి ఆలస్యంగా పడేది. ఆ ఆలస్యం విన్న క్షణంలో నందినికి ఒళ్ళు జలదరించింది, ఏ డ్రమ్మరూ కావాలని వాయించలేని తాళం అది. నలభై నిమిషాల్లోంచి అన్నిటికన్నా బాగున్న నాలుగు దెబ్బల్ని కోసి, కొసని మొదటికి అతికించి, తిరుగుతూ ఉండేలా చేసింది. లూప్ అంటారు దాన్ని. ఆ రికార్డింగు అయిన మూడో రోజు శేషన్న గుండె నొప్పితో పోయాడు. ఆ మూడు రోజులూ జ్వరంతో మళ్ళీ మగ్గం ఎక్కలేదు. సగం నేసిన చీర దాని మీదే ఉండిపోయింది.

బెంగుళూరులో చిన్న రికార్డు కంపెనీ నడిపే కవిత గారు వీళ్ళని తీసుకుంది కూడా ఆ లూప్ విని, దానికి నందిని చెప్పిన ఆలోచన విని. నల్ల రికార్డు ప్లేటు మీద గీత లోపలికి చుట్టుకుంటూ పోయి ఆఖర్న ఆగిపోతుంది కదా, ఆగకుండా చెయ్యొచ్చు. చివరి చుట్టుని తనలో తనే కలిసేలా కోస్తే సూది అక్కడ చిక్కుకుంటుంది, ఎవరో వచ్చి చేత్తో లేపేదాకా అదే ముక్క తిరుగుతూ ఉంటుంది, గంటలు, రోజులు. శేషన్న మగ్గానికి ముగింపు ఉండదు. చాలా గొప్ప ఆలోచన అని అందరూ అన్నారు, రాజశేఖర్ అయితే కళ్ళు తుడుచుకున్నాడు. ఆఖరి ఫైలు శనివారం మధ్యాహ్నానికల్లా పంపాలి. ఇవాళ బుధవారం.

కరెంటు వచ్చింది. ఎవరూ ప్లే నొక్కలేదు.

"ఒక పని చేద్దాం," అంది నందిని చివరికి. "రేపు నేనూ రాజా ఎమ్మిగనూరు పోతాం. సామ్సన్, నువ్వు ఇక్కడే ఉండు. నీకు ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు లూప్ వెయ్యి, ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు ఆపు. మాకు ఫోన్ చెయ్యకు. టైములు కాగితం మీద రాసి పెట్టుకో."

"నన్నొక్కణ్ణే దీంతో పెట్టి పోతారా? బాగుండాదే మీ తెలివి."

"భయమా?"

"భయం కాదు మేడం. బైబిల్ తెచ్చుకుంటా, అంతే."

*

ఎమ్మిగనూరు బస్టాండులో దిగి ఆటో ఎక్కారు. నేతగాళ్ళ వీధి మొదట్లో దిగగానే నందినికి ఏదో తేడా కొట్టింది. ఫిబ్రవరిలో వచ్చినప్పుడు నాలుగైదు ఇళ్ళల్లోంచైనా మగ్గాలు వినపడ్డాయి. ఇప్పుడు వీధి వీధంతా మూగగా ఉంది.

"ఇయ్యాల అమాస," అన్నాడు రాజశేఖర్. "అమాస నాడు ఈడ ఎవురూ మగ్గం ఎక్కరు. మగ్గానికి సెలవు."

మంచిదే అనుకుంది నందిని. ఇంకో మగ్గం చప్పుడు విని పొరబడే పని లేదు.

యశోదమ్మ ముందు గదిలో గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. చిన్న మనిషి, మోచేతుల దాకా మడిచిన రవిక, జుట్టులో పత్తి నూగు. నందినిని చూసి నవ్వింది. "వచ్చినావా పాపా. కూర్సో. ఆడ కాదు, ఈడ. ఆడ ఆయప్ప కాళ్ళు సాపుతాడు."

నందిని జరిగి కూర్చుంది. మగ్గం ఫిబ్రవరిలో ఎలా ఉందో అలాగే ఉంది. గుంత, గుంత అంచున తాతల కాలం నుంచీ కూర్చుని కూర్చుని నున్నబడిన బండ, పడుగు దారాల మీద సన్నటి దుమ్ము. దారం మోసే నాడె బట్ట మీద పడుకోబెట్టి ఉంది. చీర అంచున, నేత ఆగిన చోట యశోదమ్మ కట్టిన ఎర్రదారం ముడి.

పదకొండయింది. పదకొండున్నర అయింది. యశోదమ్మ చెనిక్కాయలు వలుస్తోంది. రాజశేఖర్ తలుపు దగ్గర నిలబడి ఫోన్ చూస్తున్నాడు కానీ తెర ఆరిపోయి ఉంది. బయట ఎండ తెల్లగా మండుతోంది.

పన్నెండూ పదికి మగ్గం మొదలైంది.

ఠక్. ఠక్. ఠక్. నాలుగోది, వెంట్రుకవాసి ఆగి, ఠక్.

నందిని ముందు నాడె వైపు చూసింది. అది కదల్లేదు. తొక్కే కర్రల్ని చూసింది. అవీ కదల్లేదు. పడుగు మీది దుమ్ము కూడా లేవలేదు. కానీ తను కూర్చున్న నేల కదులుతోంది, ప్రతి నాలుగో దెబ్బకీ తొడల కింద సన్నగా అదురుతోంది. చప్పుడు గుంతలోంచి వస్తోంది, మనిషి కాళ్ళుండాల్సిన చోటు నుంచి. రాజశేఖర్ తలుపు చెక్కని పట్టుకున్నాడు. యశోదమ్మ చెనిక్కాయలు వలుస్తూనే ఉంది.

"అమాస నాడు గూడా," అంది, ఎవరితోనూ కాదన్నట్టు. "పుట్టి బుద్ధెరిగినాక అమాస నాడు మగ్గం ఎక్కినోడు కాదు. సెలవు గూడా ల్యాకుండా పాయె."

అప్పుడు నందినికి ఇంకోటి వినపడింది. నాలుగు దెబ్బలు అయ్యాక, మళ్ళీ మొదటి దెబ్బ పడే ముందు, సగం పిచుక. రికార్డు చేసిన రోజు వసారాలో పిచుక అరిచింది. తను కోసిన చోట ఆ అరుపు సగంలో తెగింది. ఎంత చేసినా ఆ ముక్కని లూప్ లోంచి తీయలేకపోయింది, ఎవరికీ తెలియదులే అని వదిలేసింది. 'కిచ్' అని వచ్చి, తెగి, మళ్ళీ ఠక్. ఈ గదిలో, ఈ పగటిపూట, ఒక్క పిచుక కూడా లేని ఈ గదిలో, తను కోసిన పిచుక.

ఫోన్ చేతిలోకి తీసుకుని టైము చూస్తూ కూర్చుంది.

పన్నెండూ ముప్పై ఏడుకి ఆగింది. నందిని ఫోన్ చేసింది. సామ్సన్ మొదటి రింగుకే ఎత్తాడు. "పన్నెండూ పదికి ఏసినా. ముప్పై ఏడుకి ఆపినా. సరిపాయిందని మాత్రం సెప్పొద్దు," అన్నాడు. ఆమె ఏమీ అనలేదు. "సెప్పొద్దంటి గదా," అన్నాడు సామ్సన్ మెల్లగా.

యశోదమ్మ చెనిక్కాయల తొక్కలు చేటలోకి ఎత్తి, మగ్గం దగ్గరికి వచ్చి, ఎర్రదారం ముడి మీద వేలు పెట్టింది. "ఎన్ని దినాల్నుంచి నేస్తాండాడో సూడు. ఒక్క పోగు గూడా పెరగల్యా. ఏసిన నాలుగు పోగులే మళ్ళా మళ్ళా ఏస్తాండాడు. నేసేటోనికి ఇంతకన్నా శిక్ష ఏముంటాది పాపా?"

"ఆంటీ, అది నా వల్లే," అంది నందిని. ఒక్క ఊపిరిలో మొత్తం చెప్పేసింది, రికార్డింగు, కోయడం, అతికించడం, రికార్డు చివర గీత, అన్నీ.

"నలభై నిమిషాలు పట్టుకున్యావు గదా," అంది యశోదమ్మ. "ఆయప్ప లేసింది గూడా పట్టుకున్యావా?"

"లేచింది అంటే?"

"మగ్గం దిగేటప్పుడు ఊరికే దిగడు. మూడు పోగులేస్తాడు, నిదానంగా. మగ్గం పలకను అరసేత్తో ఒకసారి తడతాడు. 'సాలు తల్లీ, లేస్తాండా' అంటాడు. అప్పుడు లేస్తాడు. మా మామ గూడా అంతే, ఆయప్ప నాయన గూడా అంతే. అది సెప్పకుండా లేసింది నేను సూడల్యా. వానొచ్చి ఇల్లు కారినా సరే."

నందినికి గుర్తొచ్చింది. స్పష్టంగా గుర్తొచ్చింది. నిదానంగా మూడు దెబ్బలు, ఓ తట్టు, ఏవో మాటలు, మోకాలి కీళ్ళ చప్పుడు, బట్టల దులుపు. తాళం తప్పిన చివరి ముక్క. తను ఎప్పుడూ చేసే పనే చేసింది, పనికిరాని తోకని కోసేసింది. ఆ సాయంత్రమే రికార్డరులోని మెమరీ కార్డు ఖాళీ చేసి మర్నాడు ఆదోని స్టేషనులో గూడ్సు బండిని రికార్డు చేసింది. ఆ తోక ఇక ఎక్కడా లేదు.

"లేదు ఆంటీ," అంది. "తీసేశాను."

"కూర్సున్నది పెట్టుకున్యావు. లేసింది పారేసినావు," అంది యశోదమ్మ. కోపం లేదు ఆ గొంతులో, అదే నందినికి భరించలేకుండా ఉంది. "సీర సగంలో ఉండాది. నేను నేస్తామనుకుంటే, ఆయప్ప కూర్సోనుంటే నేను యాడ కూర్సునేది?"

*

తిరుగు బస్సు ఆదోని చేరింది. దిగాక రాజశేఖర్ అన్నాడు, "మూడొందల రికార్డులు, నందినీ. మూడొందల ఇండ్లల్లో సూది ఆడనే తిరుగుతాంటే?"

దాని గురించే నందిని కూడా ఆలోచిస్తోంది. ఎవరో బెంగుళూరులో రికార్డు వేసి, సూది లేపడం మర్చిపోయి ఆఫీసుకి వెళ్ళిపోతారు.

శుక్రవారం పొద్దున కవిత గారికి ఫోన్ చేసింది. చివరి గీత వద్దనుకుంటున్నామని, లూప్ కూడా తీసేస్తున్నామని చెప్పింది. కారణం చెప్పలేక, ఇంట్లోవాళ్ళకి ఇష్టం లేదని మాత్రం చెప్పింది.

"నందినీ, నేను మిమ్మల్ని తీసుకుందే దానికోసం. అది లేకపోతే ఆ పాటలో ఏముంది?"

"ఏమీ ఉండదు. అది ఉన్న చోట ఖాళీ ఉంటుంది. దాని చుట్టూ మేం వాయిస్తాం."

"రేపు పంపు. వింటాను. మాట మాత్రం ఇవ్వను."

ఫోన్ పెట్టాక నందిని లూప్ ఉన్న ప్రతి కాపీనీ ఒక్కొక్కటిగా తుడిచేసింది. ఒక్కటే ల్యాప్‌టాప్‌లో ఉంచింది. కూర్చున్న మనిషి దాంట్లోనే ఉన్నాడు మరి, లేపకుండా తుడిచేస్తే ఏమవుతాడో ఆమెకి తెలియదు.

వెంటనే ఎమ్మిగనూరుకి బయల్దేరారు, ఈసారి ముగ్గురూ. సామ్సన్ మైకు స్టాండు భుజాన వేసుకుని ఆటోలో, "మా చర్చిలో తెలిస్తే నన్ను మళ్ళా కీబోర్డు గూడా ముట్టనియ్యరు," అన్నాడు. ఎవరూ నవ్వకపోతే తనే నవ్వాడు.

యశోదమ్మని నందిని అడిగింది ఒక్కటే. "రోజూ అంకుల్‌ని భోజనానికి ఎలా పిలిచేవాళ్ళు?"

"ఎట్ల పిలుస్తారు, నోటితోనే. ఈ రెండు నెల్లూ పిలుస్తానే ఉండా. ఇనపడితే గదా."

"ఇవాళ నా మైకులోకి పిలవండి. అంకుల్ ఉన్న చోటికి మీ గొంతు పోవాలి."

ఒంటిగంటకి యశోదమ్మ జొన్నరొట్టెలు కాల్చింది. స్టీలు పళ్ళెంలో రెండు రొట్టెలు, చెనిక్కాయల పొడి, ఉల్లిగడ్డ పెట్టి గుంత అంచున బండ పక్కన ఉంచింది. నందిని నేల మీద ల్యాప్‌టాప్ తెరిచింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని లూప్ వేసింది. స్పీకర్ పెట్టలేదు. అక్కర్లేకపోయింది. చెవుల్లో ఠక్ అన్న క్షణంలోనే గుంతలో ఠక్ అంది, సామ్సన్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"పిలవండి ఆంటీ."

"ఏమయ్యో, రొట్టె సల్లారిపోతాంది. లెయ్యి."

మైకు మీటరు కదిలింది. గొంతు లోపలికి వెళ్ళింది, నందిని చెవుల్లో మగ్గంతో పాటు మోగింది. నాలుగో దెబ్బ. సగం పిచుక. మళ్ళీ ఒకటో దెబ్బ. యశోదమ్మ మళ్ళీ పిలిచింది. మళ్ళీ ఒకటో దెబ్బ. మూడోసారి కూడా పిలిచింది.

నందిని తెర మీద ఆ చిన్న నీలం ముక్కని చూస్తూ ఉంది. కొస వచ్చేస్తుంది, మొదటికి పోతుంది. ఆయనకి నాలుగో దెబ్బ తర్వాత ఇంకో క్షణం అంటూ లేదు. పిలుపు వినపడినా, లేవడానికి ఆ క్షణం ఉండాలి కదా. ఇన్నాళ్ళూ తాము మధ్యలో ఎక్కడపడితే అక్కడ ఆపారు, మళ్ళీ అక్కడి నుంచే లాగారు. ఒక్కసారైనా చివరిదాకా పోనిచ్చి, దాటనివ్వలేదు.

ఆమె లూప్ గుర్తు మీద నొక్కి తీసేసింది. రికార్డు బొత్తాం నొక్కి, ముక్క తర్వాత ఖాళీ చోటుని తెరిచి పెట్టింది.

"ఇప్పుడు, ఆంటీ. ఆఖరిసారి."

ఠక్. ఠక్. ఠక్. నాలుగోది, ఆలస్యంగా. కిచ్—

"ఏమయ్యో," అంది యశోదమ్మ. "సాలు గానీ, లెయ్యి."

నీలం ముక్క అయిపోయింది. తెర మీద గీత చదునుగా పోతోంది. గదిలో చప్పుడు లేదు. రాజశేఖర్ ఊపిరి బిగబట్టాడు, ఆ బిగబట్టడం కూడా నందినికి హెడ్‌ఫోన్లలో వినపడింది.

తర్వాత పిచుక మిగతా సగం అరిచింది.

తెర మీద గీత లేచింది. ఒక దెబ్బ, నిదానంగా. రెండోది. మూడోది. అరచేత్తో చెక్కని తట్టిన చప్పుడు. ఆ తర్వాతవి గదిలో ఎవరికీ వినపడలేదు, హెడ్‌ఫోన్లలో నందినికి మాత్రమే వినపడ్డాయి, చెవికి చాలా దగ్గరగా, బీడీ కాల్చే మనిషి గొంతులో. సాలు తల్లీ, లేస్తాండా. మోకాలి కీలు పటుక్కుమంది. నేల అదరడం ఆగిపోయింది.

నందిని రికార్డింగు ఆపేసింది. ఎర్రలైటు ఆరింది. యశోదమ్మకి ఏం వినపడిందో చెబుదామని తలెత్తింది, కానీ ఆమె అప్పటికే పళ్ళేన్ని బండ పక్క నుంచి గోడ వైపుకి జరుపుతోంది, మనిషి హాయిగా ఆనుకుని కూర్చునేందుకు చోటిస్తూ.

కాసేపటికి వచ్చి చీర అంచు చూసింది. ఎర్రదారం ముడి దాటి మూడు పోగులు. వేలితో ఒక్కొక్కటీ తడిమింది.

"ఇంగ నేను ఎక్కొచ్చు," అంది.

*

శనివారం పంపారు. పదకొండు నిమిషాల పాటలో తాళం లేదు. తాళం ఉండాల్సిన చోట ముగ్గురూ కాచుకుని, దాన్ని తాకకుండా వాయించారు. చివర్న ఆ మూడు దెబ్బలు, తట్టు, మాట. యశోదమ్మని అడిగే పెట్టారు. "లేసింది ఎవురికి ఇనిపిచ్చినా తప్పుల్యా," అందామె. ఎర్రలైటు ఆరిన చోటే పాట అయిపోతుంది.

రెండు రోజుల తర్వాత కవిత గారి మెసేజ్ వచ్చింది. 'రికార్డు వేస్తున్నాం. ఒక్కటి చెప్పు, ఆ ఖాళీలో ఎవర్ని కూర్చోబెట్టారు?'

జూలైలో మొదటి నమూనా రికార్డు పార్సిల్లో వచ్చింది. ఆదోని గోడౌనులో, మధ్యాహ్నం రెండింటికి, ముగ్గురూ దాని చుట్టూ కూర్చున్నారు. రెండో వైపు చివరి పాట. మూడు దెబ్బలు. తట్టు. సాలు తల్లీ, లేస్తాండా. సూది ఆఖరి గీతలోకి జారింది. ఇక లేవాలి.

లేవలేదు. ఇంకా కాసేపు నడిచింది, తాము ఏమీ రికార్డు చెయ్యని చోట. స్టీలు పళ్ళెం నేల మీద జరిగింది. రొట్టె విరిచిన చప్పుడు. ఎవరో నెమ్మదిగా, తీరిగ్గా నములుతున్నారు. చేతి మీద నీళ్ళు పోసుకున్నారు.

అప్పుడు సూది తనంతట తానే లేచి, పక్కకి వెళ్ళి పడుకుంది.

గోడౌను గోడలన్నీ పత్తే కదా, ముగ్గురి గుండెలూ వినపడుతున్నాయి.

"కడుపు నిండా తిన్యాడు," అన్నాడు సామ్సన్.

రాజశేఖర్ ఫోన్ తీసి వాళ్ళమ్మకి చేశాడు. ఆమె ఎత్తింది. అటు నుంచి మగ్గం వినపడుతోంది, ఎక్కడా ఆలస్యం లేకుండా నాలుగు దెబ్బలూ సమంగా. తర్వాత నిదానంగా మూడు, ఒక తట్టు.

"సెప్పు రాజా," అంది యశోదమ్మ. "ఇప్పుడే లేసినా."